ఫోటో, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా? మీ పని నుంచి మొదలుపెట్టి తేల్చుకునే పద్ధతి

ఫోటోషాప్ నేర్చుకోవాలా, కోరల్‌డ్రా నేర్చుకోవాలా? డబ్బు పెట్టకుండా గింప్‌తో పని జరుగుతుందా? బ్రౌజర్‌లో రెడీమేడ్ నమూనాలతో డిజైన్ చేసుకునే కాన్వా ఉండగా ఇవన్నీ ఎందుకు? కొత్తగా స్టూడియో పెట్టబోయేవారు, సంఘం కరపత్రాలు తయారుచేసేవారు, ఇంట్లో శుభకార్యానికి ఆహ్వానపత్రిక సొంతంగా చేసుకోవాలనుకునేవారు అందరూ అడిగే ప్రశ్నలు ఇవే. ఎవరిని అడిగితే వాళ్లు తమకు అలవాటైన దాని పేరు చెబుతారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఫీచర్ల పట్టికలు కుప్పలుగా దొరుకుతాయి. వాటిని ఎంత చదివినా నిర్ణయం తేలదు, ఎందుకంటే ఆ పట్టికల్లో మీ పని లేదు.

తేలాల్సినవి మూడు విషయాలు. మీ ఫైలు చివరికి ఎక్కడికి చేరుతుంది? మధ్యలో ఎవరెవరి చేతులు మారుతుంది? అందులో తెలుగు అక్షరం చెదరకుండా నిలుస్తుందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే సాఫ్ట్‌వేర్ పేరు దానంతట అదే బయటపడుతుంది. కింది వరుసలో ఒక్కొక్కటే చేసుకుంటూ వెళ్లండి.

1. పనుల జాబితా రాయండి, పక్కన సైజు వేయండి

రాబోయే ఆరు నెలల్లో మీరు చేయబోయే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పని పక్కన అది చివరికి దేని మీద కనబడుతుందో, ఎంత సైజులో కనబడుతుందో వేయండి. ఇది చాలామంది దాటవేసే అడుగు. దాటవేస్తే మిగతావన్నీ ఊహాగానాలే అవుతాయి.

వాట్సాప్‌లో పంపే పండుగ శుభాకాంక్షలకు 1080 పిక్సెళ్ల చదరం చాలు. ఏ4 కరపత్రం ఆఫ్‌సెట్‌లో అచ్చు కావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని దూరం నుంచే చూస్తారు కాబట్టి 72 డీపీఐ సరిపోతుంది. అప్పుడు అది 8640 × 5184 పిక్సెళ్లు.

పెళ్లి ఆల్బమ్ సంగతి వేరు. కరిజ్మా ఆల్బమ్‌లో 12 × 36 అంగుళాల షీటు ఒకటి 300 డీపీఐలో 3600 × 10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. మామూలు 8 బిట్ల ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతి) ఒక్క నిండు లేయరే, అంటే ఒక్క పొరే, 110 ఎంబీ దాటుతుంది. వెనక డిజైన్, దాని మీద ఫోటోలు, నీడలు, పూల అంచులు కలిపి పది లేయర్లు వేస్తే ఒక్క షీటే ఒక జీబీకి పైగా మెమరీ అడుగుతుంది. ఫోటోషాప్ బాగుందా, గింప్ బాగుందా అన్న చర్చకు ముందే ఈ పని చేసేవారు తమ కంప్యూటర్‌లో ర్యామ్ ఎంత ఉందో చూసుకోవాలి.

2. నాలుగు జాతుల పనిని విడదీయండి

గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ అంతా ఒకటే అనుకోవడం వల్లే చాలామంది తప్పు దారిలో పడతారు. నిజానికి ఇందులో నాలుగు జాతులు ఉన్నాయి.

ఫోటోను పిక్సెల్ పిక్సెల్‌గా దిద్దేవి ఒక జాతి. ముఖం మీద మచ్చ తీయడం, వెనక దృశ్యం మార్చడం, పాత ఫోటో బాగుచేయడం లాంటివి వీటి పని. 1990లో వచ్చిన ఫోటోషాప్, 1996లో తొలిసారి విడుదలైన గింప్, బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపియా ఈ జాతివి.

గీతలను, ఆకారాలను లెక్కల రూపంలో దాచుకునేవి రెండో జాతి. వీటినే వెక్టర్ సాఫ్ట్‌వేర్ అంటాం. ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ ఈ కోవలోకి వస్తాయి. లోగో, విజిటింగ్ కార్డు, దుకాణం బోర్డు, స్టిక్కర్ కటింగ్ వీటిలోనే చేయాలి. విజిటింగ్ కార్డు సైజులో ఫోటోషాప్‌లో చేసిన లోగోను ఫ్లెక్సీ మీదికి పెంచితే అంచులు మెట్లు మెట్లుగా చీలుతాయి. వెక్టర్‌లో గీసినది అగ్గిపెట్టె మీదైనా, లారీ పక్క బల్ల మీదైనా ఒకే పదునుతో ఉంటుంది.

మూడో జాతి కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్లను, అంటే రా ఫైళ్లను, వండేది: లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, రాథెరపీ, క్యాప్చర్ వన్. ఒక్క పెళ్లిలో వేల ఫోటోలు తీసేవారికి ఒక్కో ఫోటో తెరిచి దిద్దే వ్యవధి ఉండదు. ఒకదానికి సరిచేసిన వెలుగు, రంగు మిగతా వందకూ ఒకేసారి అంటించడం ఈ జాతి ప్రత్యేకత. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో 256 మాత్రమే. మండపం లైట్ల కింద తెల్లబడిపోయిన పట్టుచీర అంచు రా ఫైలులో చాలాసార్లు తిరిగి వస్తుంది, జేపెగ్‌లో రాదు. ఇంకొక మాట: నికాన్ వారి ఎన్‌ఎక్స్ స్టూడియో, కెనాన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ ఆయా కెమెరాలు ఉన్నవారికి ఉచితం. చాలామంది వీటిని ఒక్కసారి కూడా తెరవకుండానే వేరే వాటికి డబ్బు కడుతుంటారు.

పుస్తకం, పత్రిక, బహుళ పేజీల సావనీరు కూర్చేవి నాలుగో జాతి. ఇన్‌డిజైన్, స్క్రైబస్ ఇక్కడికి వస్తాయి. నూరు పేజీల పుస్తకాన్ని ఫోటోషాప్‌లో కూర్చాలని చూస్తే ఒక పేరా పెరిగిన ప్రతిసారీ తర్వాతి పేజీలన్నీ చేత్తో జరుపుకోవాలి.

మీ జాబితాలో ప్రతి పని పక్కన దాని జాతి రాయండి. ఎక్కువ సార్లు వచ్చిన జాతిలో మంచి సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకోండి. అరుదుగా వచ్చే జాతికి ఉచితంగా దొరికేది సరిపోతుంది.

3. తెలుగు అక్షర పరీక్ష పెట్టండి

విదేశీ సమీక్షలేవీ ఈ సంగతి పట్టించుకోవు. మనకు మాత్రం అసలు జల్లెడ ఇదే. ఇక్కడ నిలవని సాఫ్ట్‌వేర్‌కు మిగతా గుణాలు ఎన్ని ఉన్నా తెలుగు పోస్టర్‌కు పనికిరాదు.

ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు ఉన్నాయి. వాటిలో హల్లుల వత్తులకు విడిగా చోటు లేదు. మనం ‘క్ష్మ’ అని రాస్తే కంప్యూటర్ దాచుకునేది క, పొల్లు, ష, పొల్లు, మ అనే ఐదు సంకేతాలను. వాటిని కలిపి, ఫాంటులో ఉన్న సరైన రూపాలను వెతికి, వత్తులను తగిన చోట కూర్చవలసింది సాఫ్ట్‌వేర్‌లోని టెక్స్ట్ ఇంజిన్. దానికి భారతీయ లిపుల పద్ధతి తెలియకపోతే పొల్లు పైన అలాగే మిగిలిపోతుంది, వత్తు కిందికి దిగకుండా పూర్తి అక్షరంగా పక్కన నిలబడుతుంది. ‘లక్ష్మి’ నాలుగు ముక్కలవుతుంది. ఆహ్వానపత్రికలో పెళ్లికూతురి పేరే అలా అచ్చయితే ఆ కార్డు ఎవరికి పంచుతారు?

సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫైలు తెరిచి, ఒక యూనికోడ్ ఫాంటు పెట్టి ఈ వరుస టైపు చేయండి:

హైదరాబాద్‌లో లక్ష్మి, జ్యోత్స్న. రాష్ట్ర స్వాతంత్ర్య వాఙ్మయ శైలి

ఇప్పుడు 400 శాతానికి పెంచి ఒక్కో పదం చూడండి. ‘జ్యోత్స్న’లో త కింద స వత్తు, దానితోపాటు న వత్తు రెండూ ఒకదాన్నొకటి తొక్కకుండా ఉండాలి. ‘స్వాతంత్ర్య’లో ర వత్తూ య వత్తూ రెండూ కనబడాలి, కొన్నిచోట్ల ఒకటి మాయమవుతుంది. ‘వాఙ్మయ’లో ఙ స్థానంలో ఖాళీ డబ్బా వస్తే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఆ ఫాంటులో అక్షరం లేదు, ఫాంటు మార్చి చూడండి. ‘శైలి’లో ఐత్వం కింది భాగం అక్షరానికి అతుక్కునే ఉందా, పక్కకు జారిందా గమనించండి. ఇక ‘హైదరాబాద్‌లో’ అన్న పదంలో ద్ తర్వాత కంటికి కనబడని సంకేతం ఒకటి ఉంటుంది. దాని పని ద్‌కు ల వత్తు తగలకుండా ఆపడం. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని మింగేసి పదాన్ని ‘హైదరాబాద్లో’గా మార్చేస్తాయి, కొన్ని చిన్న గీతనో డబ్బానో చూపిస్తాయి.

తర్వాత ఇదే వాక్యాన్ని మూడు వరుసలుగా చేసి వరుసల మధ్య ఎడం చూడండి. ఇంగ్లీషుకు సరిపోయే 120 శాతం ఎడంలో మన వత్తులు కింది వరుస తలకట్టును తగులుతాయి. 150 శాతం దగ్గర పెడితే ఊపిరాడుతుంది. చివరగా పీడీఎఫ్‌గా మార్చి, దాన్ని ఫోనులో తెరిచి మళ్లీ చదవండి. తెర మీద బాగుండి పీడీఎఫ్‌లో చెదిరే సందర్భాలు ఉన్నాయి.

ఈ పరీక్షలో గింప్, ఇంక్‌స్కేప్ చక్కగా గట్టెక్కుతాయి. రెండూ అక్షరాలు కూర్చడానికి పాంగో, హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా ఇంజిన్లను వాడతాయి. తెలుగు లిపి నియమాలు వాటికి బాగా తెలుసు. స్క్రైబస్ 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్‌తో ఈ వరుసలో చేరింది. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లలో ఇబ్బంది పడిన తెలుగువారు ఉచితంగా దొరికే వాటిలో పడకపోవడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

అడోబీ సాఫ్ట్‌వేర్లలో తెలుగు బాగానే వస్తుంది, కానీ సెట్టింగ్ సరిగా ఉండాలి. ఫోటోషాప్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. కొంచెం పాత వెర్షన్లలో అయితే ముందుగా ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్ మార్చి, ఫోటోషాప్ మూసి మళ్లీ తెరవాలి. ఇలస్ట్రేటర్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్లు చూపమనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. ఫోటోషాప్‌లో తెలుగు రాదని వదిలేసినవారిలో చాలామందికి అడ్డుపడింది ఈ ఒక్క సెట్టింగే.

కోరల్‌డ్రా 2012 నాటి ఎక్స్6 నుంచి ఇలాంటి లిపులకు తోడ్పాటు ఇస్తోంది. అంతకు ముందు వెర్షన్లలో యూనికోడ్ తెలుగుతో కుస్తీ పట్టకండి. ఫోటో, వెక్టర్, పేజీ కూర్పు పనులకు వాడే అఫినిటీ రెండో వెర్షన్ వరకు భారతీయ లిపులను సరిగా కూర్చలేకపోయింది. కొత్తది దింపుకున్నా, తెలుగు పని దానికి అప్పగించే ముందు పై వరుస టైపు చేసి మీ కళ్లతో చూసుకోండి.

యూనికోడ్ పద్ధతిలో కాకుండా సొంత సంకేతాలతో నడిచే అను ఫాంట్ల సంగతి ఇక్కడే మాట్లాడుకోవాలి. తెలుగు రాష్ట్రాల డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో పేజ్‌మేకర్, కోరల్‌డ్రాలతో కలిపి అను ఫాంట్లు వాడే అలవాటు బలంగా నాటుకుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. అను ఫాంట్లలో అక్షరాలు అందంగా ఉంటాయి, రకాలు ఎక్కువ, శుభలేఖల మీద మనకు కన్ను అలవాటుపడిన రూపాలు అవే. కానీ ఆ పద్ధతిలో టైపు చేసిన మాటను ఫోనులో అతికిస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల గుట్ట వస్తుంది, ఇంటర్నెట్‌లో వెతికితే దొరకదు. అచ్చు పని మాత్రమే చేసేవారికి ఇది పెద్ద అడ్డంకి కాదు. ఒకే మాట అచ్చులోనూ, ఫోనులోనూ, వెబ్‌సైట్‌లోనూ రావలసినవారు ఇవాళే యూనికోడ్‌కు మారడం మేలు.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవన్న మాట ఇప్పుడు చెల్లదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామరాజ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటి లైసెన్సు వ్యాపార పనులకు కూడా ఉచితంగా వాడుకోనిస్తుంది. శీర్షికకు రామరాజ, లోపలి మాటకు మండలి పెట్టి ఒక కరపత్రం చేసి చూడండి, ఆ తర్వాత అభిప్రాయం చెప్పండి.

4. ప్రెస్సుకు ఫోన్ చేయండి

అచ్చు పని ఉన్నవారు సాఫ్ట్‌వేర్ కొనే ముందు, తాము పని ఇచ్చే ప్రెస్సునో, ఫ్లెక్సీ దుకాణాన్నో, ఆల్బమ్ ల్యాబునో మూడు ప్రశ్నలు అడగాలి. ఏ రకం ఫైలు తీసుకుంటారు, ఏ వెర్షన్‌లో? రంగులు సీఎమ్‌వైకేలో (ప్రెస్సు వాడే నాలుగు సిరాల పద్ధతి) కావాలా, ఆర్‌జీబీ చాలా? కత్తిరింపుకు నాలుగు వైపులా ఎంత అదనం వదలాలి? మూడోదానికి సాధారణంగా 3 మిల్లీమీటర్లు అంటారు.

వెర్షన్ గురించి అడగడం చాలా ముఖ్యం. కోరల్‌డ్రా కొత్త వెర్షన్‌లో దాచిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. దాచేటప్పుడే అవతలి వాళ్ల వెర్షన్ ఎంచుకోవాలి. వాళ్లు పీడీఎఫ్ తీసుకుంటామంటే మీ చేతులకు సంకెళ్లు తెగినట్టే, ఏ సాఫ్ట్‌వేర్ అయినా వాడుకోవచ్చు. ఇచ్చేముందు అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే గీసిన ఆకారాలుగా, మార్చండి. కోరల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కితే సరి. ఇలస్ట్రేటర్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్, ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ అదే పని చేస్తాయి. అప్పుడు అవతలి కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోయినా అక్షరం చెదరదు. కర్వ్స్ చేయని అసలు ప్రతి ఒకటి విడిగా దాచుకోవడం మరచిపోవద్దు. కర్వ్స్ అయ్యాక ముహూర్తం సమయం మార్చమన్నా మార్చలేరు.

రంగుల దగ్గర ఒక్క ఉదాహరణ. తెర మీద మెరిసే చిలకపచ్చ చీర ఆఫ్‌సెట్‌లో మసకబారిన ఆకుపచ్చగా వస్తుంది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలుపుతుంది. ప్రెస్సు నాలుగు సిరాలను కాగితం మీద వేస్తుంది. ఆ సిరాలు అందుకోలేని రంగులు కొన్ని ఉన్నాయి, చిలకపచ్చ, మెరిసే గాఢ నీలం వాటిలో ముందు వరుసలో ఉంటాయి. అందుకే అచ్చుకు ముందు ఆ తేడాను తెర మీదే చూపగల సాఫ్ట్‌వేర్ కావాలి. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా, అఫినిటీ, బొమ్మలు గీసే క్రీటా, స్క్రైబస్ సీఎమ్‌వైకేలో నేరుగా పనిచేస్తాయి. గింప్ 3.0 లోపల ఆర్‌జీబీలోనే ఉన్నా, సీఎమ్‌వైకేలో ఎలా కనబడుతుందో చూపిస్తుంది, టిఫ్, జేపెగ్ రూపాల్లో సీఎమ్‌వైకేకు మార్చి ఇస్తుంది. అప్పుడప్పుడు కరపత్రం వేసేవారికి ఇది చాలు, రోజూ ప్రెస్సుకు పని పంపేవారికి చాలదు. కాన్వాలో సీఎమ్‌వైకే పీడీఎఫ్ కావాలంటే డబ్బు కట్టే పథకంలో ఉండాలి.

5. మూడేళ్ల ఖర్చు కట్టి చూడండి

నెలకు ఇంత అని చూస్తే ప్రతిదీ చవగ్గానే కనబడుతుంది. 36 నెలలతో గుణించి, పక్కన మీకు వచ్చే పనుల ఆదాయం వేసి చూడండి.

అడోబీ 2013లో చందా పద్ధతికి మారింది. ఒకసారి కొని ఉంచుకోగల చివరి తరం 2012 నాటి సీఎస్6. ఇప్పుడు చందా ఆపిన రోజున సాఫ్ట్‌వేర్ ఆగుతుంది. చందాలోనూ రకాలున్నాయి: నెలనెలా కట్టే వార్షిక పథకం తక్కువ ధరలో కనబడుతుంది, కానీ అది ఏడాది ఒప్పందం. మొదటి 14 రోజులు దాటాక మధ్యలో మానుకుంటే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టాలి. ఈ షరతును కొనేవారికి స్పష్టంగా కనబడకుండా ఉంచారన్న ఆరోపణతో 2024 జూన్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద అమెరికా న్యాయశాఖ అడోబీపై దావా వేసింది. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రమే పని ఉండేవారు నిజంగా నెలవారీ పథకం తీసుకుని, మూఢంలో ఆపుకోవడం లాభమా అని లెక్క వేసుకోవాలి. ఫోటోలే ప్రధానమైనవారు అన్ని సాఫ్ట్‌వేర్లూ కలిసిన పెద్ద పథకం వైపు చూడనక్కరలేదు. ఫోటోషాప్, లైట్‌రూమ్ రెండే ఉండే ఫోటోగ్రఫీ పథకం చాలా తక్కువకు వస్తుంది.

ఈ రంగంలో ఈమధ్య వచ్చిన పెద్ద మార్పు అఫినిటీది. బ్రిటన్‌కు చెందిన సెరిఫ్ సంస్థ ఒకసారి డబ్బు కట్టే పద్ధతిలో అమ్మిన ఈ సాఫ్ట్‌వేర్లను 2024 మార్చిలో కాన్వా కొనుక్కుంది. 2025 అక్టోబరులో ఫోటో, వెక్టర్, పేజీ కూర్పు మూడూ ఒకే సాఫ్ట్‌వేర్‌గా కలిపి ఉచితం చేసింది. కాన్వా ఖాతా ఉంటే చాలు. కృత్రిమ మేధ పరికరాలకు మాత్రం కాన్వా చందా కావాలి. ఫోటో పని, అక్షరాలు లేని డిజైన్ పని చేసేవారికి ఇది గొప్ప అవకాశం. తెలుగు విషయంలో పైన చెప్పిన పరీక్ష తర్వాతే.

దొంగ కాపీల గురించి నిక్కచ్చిగా చెప్పాలి. క్రాక్ వెర్షన్ వేయించుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే వారం రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, క్రాక్ ఫైలుతో పాటు వచ్చే వైరస్ ఖాతాదారుల పెళ్లి ఫోటోలున్న హార్డ్‌డిస్కును తాళం వేస్తే ఆ ఫోటోలు మళ్లీ తీయలేరు. ఇన్ని మంచి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్న కాలంలో ఆ అవసరమే లేదు.

6. కంప్యూటర్, ఇంటర్నెట్

8 జీబీ ర్యామ్ ఉంటే కరపత్రాలు, పోస్టర్లు హాయిగా చేసుకోవచ్చు. ఆల్బమ్ పనికి 16 జీబీ కనీసం, 32 ఉంటే నిశ్చింత. హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించడం పాత కంప్యూటర్‌కు చేయగల మంచి వైద్యం. లైనక్స్ వాడేవారికి ఫోటోషాప్, కోరల్‌డ్రా నేరుగా దొరకవు. గింప్, ఇంక్‌స్కేప్, క్రీటా, డార్క్‌టేబుల్, స్క్రైబస్ అన్నీ దొరుకుతాయి.

ఇంటర్నెట్ తరచూ పోయే చోట కాన్వా మీద ఆధారపడి వ్యాపారం చేయడం కష్టం. ఇంకో ముఖ్యమైన సంగతి: ఒక మాట రాస్తే చిత్రంలో కొత్త భాగం పుట్టించే పరికరాల్లో చాలావాటికి ఫోటో కంపెనీ సర్వర్‌కు వెళ్లాల్సిందే. ఖాతాదారుల కుటుంబ ఫోటోలకు అవి వాడే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. ఫోటోపియా బ్రౌజర్‌లో నడిచినా, మీరు తెరిచిన ఫైలు మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది.

7. ఒకే పనిని రెండింటిలో చేయండి

ఇక్కడికి వచ్చేసరికి మీ చేతిలో రెండు మూడు పేర్లు మిగులుతాయి. పాఠాల వీడియోలు చూస్తూ కూర్చోకుండా, మీ జాబితాలోంచి నిజమైన పని ఒకటి తీసుకుని రెండింటిలోనూ మొదటి నుంచి చివరి దాకా చేయండి. ఉదాహరణకు ఒక గ్రూపు ఫోటోలో మసకగా ఉన్న ముఖాలను వెలుగులోకి తేవడం, పక్కన నిలబడ్డ అపరిచితుడిని తీసేయడం, కింద పేర్లు తెలుగులో వేయడం, ఏ4లో ప్రింటు తీయడం.

చేస్తున్నప్పుడు వేగం ఒక్కటే చూడకండి. మర్నాడు ఖాతాదారు వచ్చి ‘ఆ పేరు మార్చండి, ముఖం కొంచెం తక్కువ తెల్లగా చేయండి’ అంటే ఎంత తేలిగ్గా మార్చగలరో చూడండి. సాఫ్ట్‌వేర్ సత్తా తేలేది ఇక్కడే. ఫోటోషాప్ అడ్జస్ట్‌మెంట్ లేయర్లు ఈ అవసరానికే పుట్టాయి. అసలు ఫోటో చెక్కుచెదరదు, పైన వేసిన మార్పును ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. గింప్‌లో ఈ సౌలభ్యం చాలాకాలం లేదు. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఫిల్టర్లను ఇలా తర్వాత దిద్దుకునే వీలు వచ్చింది. గింప్ గురించి పాత అభిప్రాయం పెట్టుకున్నవారు మళ్లీ ఒకసారి తెరిచి చూడాలి.

ఎవరికి ఏది

పెళ్లి స్టూడియో, ఆల్బమ్ డిజైన్ చేసేవారికి నేను ఫోటోషాప్, లైట్‌రూమ్‌నే చెబుతాను. ఆల్బమ్ నమూనాలు మార్కెట్లో ఫోటోషాప్ సొంత ఫైలు రకమైన పీఎస్‌డీ రూపంలోనే దొరుకుతాయి, పనివాళ్లూ అదే నేర్చుకుని వస్తారు, ల్యాబులూ దానికే అలవాటుపడ్డాయి. ఇక్కడ చందా ఖర్చు పనిలోనే తిరిగి వస్తుంది. వేరేవాటిలో పీఎస్‌డీ తెరుచుకున్నా, స్మార్ట్ ఆబ్జెక్టులు (అసలు చిత్రాన్ని లోపల దాచుకునే లేయర్లు), అక్షరాల లేయర్లు యథాతథంగా రాకపోవచ్చు.

ఫ్లెక్సీ, విజిటింగ్ కార్డులు, స్టిక్కర్లు చేసే దుకాణానికి కోరల్‌డ్రా. చుట్టుపక్కల దుకాణాలన్నీ దానిమీదే నడుస్తున్నప్పుడు ఫైలు ఇచ్చిపుచ్చుకోవడం తేలిక. సొంతంగా నేర్చుకునే విద్యార్థికి మాత్రం ఇంక్‌స్కేప్‌తో మొదలుపెట్టమంటాను. గీతను, ముడిని, వంపును అర్థం చేసుకున్న చేయి తర్వాత ఏ వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనిచేస్తుంది.

సంఘాలు, గ్రంథాలయాలు, చిన్న పత్రికలు నడిపేవారికి గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ మూడూ కలిపి పూర్తి కార్యాలయం. ఎవరు వచ్చినా ఎవరు వెళ్లినా ఫైళ్లు తెరుచుకుంటాయి, చందా కట్టేవారి కోసం వెతకనక్కరలేదు. ఉపాధ్యాయులకు, పాఠశాలలకు కాన్వా విద్యా పథకం ఉచితం, తరగతి గోడ పోస్టర్లకు అంతకన్నా సులువైనది లేదు. బొమ్మలు గీసేవారు, కార్టూనిస్టులు పెన్ ట్యాబ్లెట్ ఉంటే క్రీటా తెరవండి; చిత్రకారులను దృష్టిలో పెట్టుకుని చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఫోనులోనే ఫోటోలు దిద్దుకునేవారికి స్నాప్‌సీడ్ ఉచితం, ప్రకటనలు లేవు, రా ఫైళ్లు కూడా తెరుస్తుంది.

పాతది వదిలే ముందు

ఒకదాని నుంచి ఇంకొకదానికి మారేవారు పాత చందా ముగిసే లోపు చేయవలసిన పని ఉంది. మళ్లీ అవసరపడే పీఎస్‌డీ, కోరల్ ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, పక్కనే అదే పేరుతో ఒక పీడీఎఫ్, ఫోటోలయితే ఒక టిఫ్ దాచండి. లోగోలకు ఎస్‌వీజీ కూడా తీయండి, అది ఏ వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది. వాడిన ఫాంట్లను అదే ఫోల్డర్‌లో ఉంచండి. అనులో ఉన్న పాత మాటను కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చాక ఒకసారి పూర్తిగా చదవండి. జంట వత్తులు, అంకెలు, విరామ చిహ్నాల దగ్గర కన్వర్టర్లు తడబడతాయి. ఇదంతా అయ్యాక కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైళ్లలోంచి ఒక నాలుగైదు తెరిచి, తెలుగు అక్షరం, రంగు, సైజు మూడూ సరిపోయాయని చూసుకున్న తర్వాతే పాత చందా రద్దు చేయండి.